గాయం మాననివ్వకపోతే: గుండె రక్తనాళాల్లో రేడియేషన్ కథ

బెలూన్‌తో తెరిచిన గుండె రక్తనాళం మళ్ళీ పూడుకుపోకుండా, అందులోకి రేడియోధార్మిక గింజల్ని పంపి, కాసేపు ఉంచి, వెనక్కి లాగేసేవాళ్ళు అని చెబితే ఇప్పుడు మెడిసిన్ చదువుతున్న పిల్లలు కూడా నిజమా అని అడుగుతున్నారు. నిజమే. 1990ల చివర్లో, 2000ల మొదట్లో పేరున్న గుండె ఆసుపత్రులు ఎన్నో దీని వెంట పడ్డాయి, ఆ తర్వాత కొద్ది ఏళ్ళకే దాదాపు అందరూ వదిలేశారు. మందు పూత స్టెంట్లు (రక్తనాళాన్ని తెరిచి ఉంచే, మందు పూసిన లోహపు జాలీలు) వచ్చాయి, రేడియేషన్ ఓడిపోయింది అని ఇప్పుడు ఒక్క ముక్కలో తేల్చేస్తుంటారు. నేను అమెరికాలో ఒక ఆసుపత్రి రేడియేషన్ విభాగంలో మెడికల్ ఫిజిసిస్ట్‌ని, అంటే రేడియేషన్ డోసు లెక్కలు చూసేవాడిని. ఇక్కడ కొన్నిచోట్ల ఈ చికిత్స ఇప్పటికీ నడుస్తోంది, కాబట్టి ఆ గింజల్ని దగ్గర్నుంచి చూసే అవకాశం నాకు దొరికింది. ఆ ఒక్క ముక్క తీర్పు నాకు నచ్చదు. రేడియేషన్ చేయాల్సిన పని చేసింది, బాగానే చేసింది. చిక్కంతా ఆ పనికి పడిన ఖరీదుతో వచ్చింది, ఆ ఖరీదు కట్టాల్సిన రోజు ఆలస్యంగా వచ్చింది. ఆ ఆలస్యం సంగతి స్టెంట్ వేయించుకున్న ప్రతి ఇంట్లోనూ తెలియాలని ఇది రాస్తున్నాను.

అసలు సమస్య ఎక్కడ మొదలైందో చెప్తాను. 1977 సెప్టెంబరులో జ్యూరిచ్‌లో ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్ మొదటిసారి మెలకువగా ఉన్న మనిషి గుండె రక్తనాళంలోకి చిన్న బెలూన్ పంపి, ఉబ్బించి, బ్లాక్ తెరిచాడు. ఛాతీ కోయకుండా బ్లాక్ తీయొచ్చని తేలిపోయింది. కానీ బెలూన్ ఉబ్బిందంటే రక్తనాళం గోడ లోపల చీరుకుపోతుంది. అది గాయం. గాయమైతే శరీరం ఊరుకోదు, మాన్పడం మొదలుపెడుతుంది. గోడలోని కండర కణాలు విభజన చెందుతూ లోపలికి పాకుతాయి, మచ్చ కణజాలం పేరుకుంటుంది, సాగదీసిన గోడ కూడా మళ్ళీ దగ్గరికి ముడుచుకుంటుంది. మూడు నుంచి ఆరు నెలలు తిరిగేసరికి ముగ్గురిలో ఒకరికి, ఒక్కోచోట అంతకన్నా ఎక్కువమందికి, తెరిచిన చోటే మళ్ళీ సన్నబడేది. దీన్నే రీస్టెనోసిస్ అంటారు. 1986లో ఫ్రాన్స్‌లో జాక్ పుయెల్, స్విట్జర్లాండ్‌లో ఉల్రిక్ సిగ్వార్ట్ మనుషుల్లో స్టెంట్లు వేయడం మొదలుపెట్టాక గోడ ముడుచుకుపోవడం ఆగింది. మచ్చ మాత్రం ఆగలేదు. లోహపు జాలీ కళ్ళలోంచి కణజాలం లోపలికి పెరిగి స్టెంట్‌నే పూడ్చేసేది. ఒకసారి స్టెంట్ లోపల పూడితే మళ్ళీ బెలూన్ కొట్టడం, కొన్ని నెలలకు మళ్ళీ పూడటం. షుగర్ ఉన్నవాళ్ళకు మరీ ఎక్కువ.

మా రేడియేషన్ వాళ్ళకు ఇలాంటి గొడవ అప్పటికే తెలుసు. కీలాయిడ్ అని ఉంటుంది, చెవి కుట్టించుకున్న చోటో, ఆపరేషన్ కుట్ల దగ్గరో చర్మం గడ్డకట్టినట్టు ఉబ్బి పెరుగుతుంది, కోసేసినా మళ్ళీ వస్తుంది. కోసిన వెంటనే ఆ చోట కొద్దిగా రేడియేషన్ ఇస్తే తిరిగి రావడం బాగా తగ్గుతుంది. ఎందుకంటే వేగంగా విభజన చెందే కణాల డీఎన్‌ఏ దెబ్బతింటే అవి ఇక రెండుగా చీలలేవు. రక్తనాళంలో పెరిగేది కూడా అతిగా పెరిగిన మచ్చే కదా, అక్కడెందుకు పనిచేయదు? జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో కాలి రక్తనాళాల మీద ఈ ఆలోచనను ముందుగా ప్రయత్నించారు. అట్లాంటాలోని ఎమొరీలో, న్యూయార్క్‌లోని కొలంబియాలో పందుల గుండెల మీద చేశారు, రేడియేషన్ ఇచ్చిన చోట మచ్చ పెరగలేదు. మనుషుల గుండెల్లో మొదట చేసినవాళ్ళలో వెనిజులా డాక్టర్ హోసే కొండాడో, జెనీవాలో వితాలీ వెరిన్ బృందం ఉన్నారు. పెద్ద దేశాలు ఇంకా అనుమతుల దగ్గరే ఉండగా కరాకస్‌లో మొదలైపోయిందన్న సంగతి చాలామందికి తెలియదు.

ఈ చికిత్స ఎలా ఉంటుందో కాస్త దగ్గరగా చెప్పాలి, లేకపోతే ఇదంతా గాల్లో మాటల్లా ఉంటుంది. మా దగ్గర వాడేది స్ట్రాన్షియం-90 అనే రేడియోధార్మిక పదార్థం. కాథ్ ల్యాబ్‌లో, అంటే యాంజియోగ్రాం తీసే గదిలో, కార్డియాలజిస్ట్ ముందు మామూలుగానే బ్లాక్ తెరుస్తాడు. తర్వాత కాథెటర్ అనే ఒక ప్రత్యేకమైన సన్నటి గొట్టాన్ని ఆ చోటిదాకా పంపుతాడు. అప్పుడు రేడియేషన్ ఆంకాలజిస్ట్, నాలాంటి ఫిజిసిస్ట్ లోపలికి వస్తాం. చేతిలో పట్టే చిన్న పరికరం ఒకటి ఉంటుంది, గింజలు దాని కడుపులో ఉంటాయి. ఒక్కో గింజ బియ్యపు గింజ కన్నా సన్నం, వరసగా రైలు పెట్టెల్లా ఉంటాయి, మొత్తం పొడవు 30, 40 లేదా 60 మిల్లీమీటర్లు. సిరంజితో స్టెరైల్ నీళ్ళు నొక్కితే ఆ నీటి తోపుడికే గింజలు కాథెటర్ వెంట గుండె దాకా వెళ్ళిపోతాయి. ఎక్స్‌రే తెర మీద వరసకు రెండు చివర్లా ఉండే గుర్తులు నల్లగా కనిపిస్తాయి, తెరిచిన చోటంతా ఆ రెంటి మధ్యకు వచ్చిందా లేదా అన్నదే అప్పుడు అందరూ చూసేది. వచ్చాక స్టాప్‌వాచ్ నొక్కుతాం. మూడు నుంచి ఐదు నిమిషాలు. ఆ కాసేపట్లో రక్తనాళం గోడలోకి, గింజ కేంద్రం నుంచి 2 మిల్లీమీటర్ల దూరంలో, 18 నుంచి 23 గ్రే (రేడియేషన్ డోసుకు కొలత) వరకు డోసు పడుతుంది. క్యాన్సర్ రోగికి రోజుకు మామూలుగా ఇచ్చేది 2 గ్రే, దాన్ని బట్టి అంచనా వేసుకోండి. సమయం అయ్యాక మళ్ళీ నీటితోనే గింజల్ని వెనక్కి రప్పించి, పేషెంట్ ఛాతీ మీద గైగర్ కౌంటర్ పెట్టి ఏమీ మిగల్లేదని చూసుకుంటాం. ఒకవేళ గింజలు వెనక్కి రాకపోతే కాథెటర్ మొత్తాన్ని లాగి పడేయడానికి పక్కనే మందపాటి ప్లాస్టిక్ పెట్టె తెరిచి ఉంటుంది. సీసం కాదు, ప్లాస్టిక్. స్ట్రాన్షియం నుంచి వచ్చే బీటా కణాలు సీసం లాంటి బరువైన లోహాన్ని తాకితే ఎక్స్‌రేలు పుట్టుకొస్తాయి, అందుకని.

ఇది బీటా సంగతి. ఇరిడియం-192 లాంటి, గామా కిరణాలు వెలువరించే మూలాలతో అయితే వ్యవహారమే వేరు. అది ఒంట్లోంచి బయటికి దూసుకొస్తుంది కాబట్టి డాక్టర్లు, నర్సులు అందరూ గది వదిలి వెళ్ళాలి, గుండెలో కాథెటర్‌తోనే బల్ల మీద పేషెంట్ పావుగంటకు పైగా ఒంటరిగా ఉండాలి. కార్డియాలజిస్టులకు అది ఎంత టెన్షన్ పెట్టి ఉంటుందో నేను ఊహించగలను.

ఇక ఫలితాలు. 1997లో కాలిఫోర్నియాలోని స్క్రిప్స్ క్లినిక్ నుంచి పాల్ టైర్‌స్టీన్ బృందం 55 మంది మీద చేసిన పరీక్ష బయటికొచ్చింది. ఉత్తుత్తి గింజలు పెట్టినవాళ్ళలో 54 శాతానికి మళ్ళీ పూడిపోతే, ఇరిడియం పెట్టినవాళ్ళలో 17 శాతానికే పూడింది. అప్పటిదాకా రీస్టెనోసిస్ మీద ఎన్ని మాత్రలు, ఎన్ని పరికరాలు ప్రయత్నించారో, దాదాపు అన్నీ చేతులెత్తేశాయి. అలాంటి చోట ఈ అంకెలు చూసి కాథ్ ల్యాబుల్లో ఎంత ఉత్సాహం పుట్టిందో చెప్పక్కర్లేదు. 2000 నవంబరులో మందులకు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే అమెరికా ఎఫ్‌డీఏ ఒక గామా పరికరానికి, ఒక బీటా పరికరానికి అనుమతి ఇచ్చేసింది.

అయితే 1999లోనే రాటర్‌డామ్ నుంచి పాట్రిక్ సెరూయ్స్ దగ్గరి బృందం ఒక హెచ్చరిక ప్రచురించింది. రేడియేషన్ తీసుకున్నవాళ్ళలో వందకు ఆరేడుగురికి ఆ రక్తనాళం హఠాత్తుగా రక్తం గడ్డకట్టి మూసుకుపోయింది. వెంటనే కాదు, కొన్ని నెలలు గడిచాక, కొందరికి ఏడాది దాటాక. ఇక్కడ జాగ్రత్తగా గమనించాలి. మచ్చతో పూడటం నెమ్మదిగా జరుగుతుంది, నడిస్తే ఆయాసమో నొప్పో వస్తుంది, మనిషి ఆసుపత్రికి నడిచి వెళ్ళగలడు. గడ్డకట్టి మూసుకుపోవడం అంటే గుండెపోటు.

ఎందుకిలా అయిందంటే, రక్తనాళం లోపలి గోడ మీద ఎండోథీలియం అనే ఒక్క వరస కణాల పొర ఉంటుంది, రక్తం గోడకు అంటుకుని గడ్డకట్టకుండా చూసేది అదే. బెలూన్ దాన్ని గీరేస్తుంది. గాయం మానేటప్పుడు ఆ పొర కూడా మళ్ళీ పెరగాలి. రేడియేషన్‌కు చెడ్డ కణం, మంచి కణం అన్న తేడా తెలియదు, విభజన చెందేది ఏదైనా ఆపేస్తుంది. మచ్చ ఆగింది, దాంతోపాటు లోపలి పొర కూడా ఆగింది. కొత్త స్టెంట్ కూడా వేసి ఉంటే ఆ లోహం నెలల తరబడి రక్తానికి నేరుగా తగులుతూ ఉంటుంది. 2001లో వచ్చిన గామా-వన్ అనే 252 మంది పరీక్షలో ఇది స్పష్టంగా కనిపించింది. మళ్ళీ పూడటం 55 శాతం నుంచి 32 శాతానికి తగ్గింది, అదే సమయంలో ఆలస్యంగా గడ్డకట్టడం 0.8 శాతం నుంచి 5.3 శాతానికి చేరింది. మరీ ముఖ్యంగా, రేడియేషన్ తీసుకున్నవాళ్ళలో అలా గడ్డకట్టిన ప్రతి ఒక్కరూ అప్పటికే రక్తం పలచబరిచే మాత్రలు ఆపేసినవాళ్ళు, చికిత్స రోజునే కొత్త స్టెంట్ వేయించుకున్నవాళ్ళు. అది చూశాక కొత్త స్టెంట్లు వీలైనంత తగ్గించారు, క్లోపిడోగ్రెల్ అనే ఆ రకం మాత్ర ఆరు నెలలు, ఆపైన ఏడాది ఇవ్వడం మొదలుపెట్టారు, గడ్డకట్టడం తగ్గింది.

ఇంకో దెబ్బ అంచుల దగ్గర తగిలింది. స్టెంట్‌నే రేడియోధార్మికంగా చేస్తే గింజల గొడవే ఉండదు కదా అని ఫాస్ఫరస్-32 ఎక్కించిన స్టెంట్లు వేసి చూశారు. స్టెంట్ లోపల శుభ్రంగా ఉండేది, రెండు చివర్లు మాత్రం బిగుసుకుపోయేవి, చాక్లెట్ కాగితాన్ని రెండు వైపులా మెలితిప్పినట్టు. ఆ జబ్బుకు కాథ్ ల్యాబ్ వాళ్ళు పెట్టిన పేరే చాక్లెట్ కాగితం. చివర్లలో బెలూన్ గాయం తగిలి, డోసు మాత్రం సగంసగం పడటమే కారణం. గింజల పద్ధతిలో కూడా గాయమైన చోటునంతా కప్పకపోతే ఇదే జరిగేది. ఎక్స్‌రే తెర మీద ఆ రెండు నల్లటి గుర్తుల గురించి మేం అంత పట్టుబట్టేది ఇందుకే.

ఇదంతా సర్దుకుంటున్న సమయంలో మందు పూత స్టెంట్ వచ్చి పడింది. ఈస్టర్ ద్వీపం మట్టిలో దొరికిన ఒక బాక్టీరియా నుంచి, మాంట్రియల్‌లో పనిచేస్తున్న మన భారతీయ మూలాల శాస్త్రవేత్త సురేంద్రనాథ్ సెహగల్ వెలికితీసిన రాపమైసిన్, దాన్నే సిరోలిమస్ అంటారు, అది కణాన్ని చంపకుండా విభజనను ఆపుతుంది. దాన్ని స్టెంట్‌కు పూసి చేసిన రావెల్ పరీక్షలో మళ్ళీ పూడినవాళ్ళు సున్నా. మామూలు స్టెంట్ వాళ్ళలో 26.6 శాతం. 2003లో అమెరికాలో అనుమతి వచ్చింది. 2006లో స్టెంట్ లోపల పూడినవాళ్ళకే మందు స్టెంట్‌నీ రేడియేషన్‌నీ ఎదురెదురుగా పెట్టి చేసిన రెండు పరీక్షల్లో మందు స్టెంటే గెలిచింది. బీటా పరికరం తయారుచేసిన నోవోస్టె కంపెనీ అప్పటికే ఈ వ్యాపారంలోంచి తప్పుకుంది. గెలవడం న్యాయమే. ఫిజిసిస్టు అక్కర్లేదు, ప్లాస్టిక్ పెట్టె అక్కర్లేదు, అన్నిటికీ మించి ఫలితం బాగుంది.

నాకు కోపం తెప్పించేది ఆ తర్వాత జరిగింది. రేడియేషన్ అనుభవంతో తెలిసిందేమిటి? మచ్చను ఆపే ఏ పద్ధతైనా లోపలి పొరను కూడా ఆలస్యం చేస్తుందని, ఆరేడు నెలల యాంజియోగ్రాం చూసి సంబరపడొద్దని. మందు స్టెంట్‌లు వచ్చాక ఆ మాట ఎవరూ గట్టిగా గుర్తుచేసుకోలేదు. మొదటి తరం మందు స్టెంట్లు వేసినవాళ్ళలో ఏడాది దాటాక కూడా గడ్డకట్టడం కనిపిస్తోందని 2006లో బార్సిలోనా యూరోపియన్ కార్డియాలజీ సభల్లో పెద్ద దుమారం రేగింది, అప్పుడుగానీ అందరూ ఉలిక్కిపడలేదు. తర్వాతి తరం స్టెంట్లు సన్నటి తీగలతో, మంచి పూతలతో ఆ ప్రమాదాన్ని చాలా తగ్గించాయి, అది ఒప్పుకోవాలి. మళ్ళీ ఇంకోసారి, కరిగిపోయే స్టెంట్ అబ్సార్బ్ 2016లో అమెరికాలో అనుమతి తెచ్చుకుంది, రెండు మూడేళ్ళ ఫలితాల్లో గడ్డకట్టడం ఎక్కువని తేలింది, 2017లో అమ్మకాలే ఆపేశారు. కారణాలు వేరు, నిజమే. కానీ మొదట్లో మెరుపు, తర్వాత ఆలస్యంగా బిల్లు, ఈ వరస అదే.

దీనికి కార్డియాలజిస్టు మిత్రులు చెప్పే సమాధానం ఉంది. ఐదేళ్ళు ఆగి చూసి అనుమతిస్తే ఈలోపు ఎంతమంది బైపాస్ బల్లలెక్కుతారు, ఎంతమందికి ఏ చికిత్సా ఉండదు అంటారు. అందులో నిజం ఉంది, స్టెంట్ మీద స్టెంట్ పూడిపోయి మూడడుగులు నడవలేని మనిషిని ఐదేళ్ళు ఆగమని చెప్పడం కుదరదు. నేను అనేది అనుమతి ఆపమని కాదు. అనుమతి ఇచ్చిన రోజునే ఐదేళ్ళు లెక్కపెట్టే ఏర్పాటు కూడా చేయమని, ఇది కొత్తది, మాత్రలు మీ ప్రాణానికి కాపలా, ఆపొద్దు అని పేషెంట్‌కు అతని భాషలో చెప్పమని.

మన దగ్గర ఈ చివరి మాటే సరిగ్గా చేరదు. 1990ల్లో అక్కడ గింజల పరీక్షలు జరుగుతున్న కాలంలోనే హైదరాబాద్‌లో డాక్టర్ సోమరాజు, అబ్దుల్ కలాం కలిసి తక్కువ ఖర్చు స్టెంట్ తయారుచేశారు, కలాం-రాజు స్టెంట్ అని పేరు. అప్పుడు మన సమస్య మళ్ళీ పూడటం కన్నా ముందు అసలు స్టెంట్ కొనగలగడం. 2017 ఫిబ్రవరిలో కేంద్రం ధరకు కళ్ళెం వేసింది, మందు స్టెంట్ 29,600 రూపాయలకు దిగింది. మంచి పని. దాంతోపాటు స్టెంట్ వేయించుకోవడం అంటే మెకానిక్ షెడ్డులో పార్టు మార్పించుకోవడమన్న భావన కూడా ఇళ్ళలో స్థిరపడిపోయింది. గ్యాస్ ట్రబుల్ వస్తోందని ఎకోస్ప్రిన్ (ఆస్పిరిన్ మాత్ర) మానేసినవాళ్ళు మా చుట్టాల్లోనే ఉన్నారు. పన్ను పీకించుకోవడానికి ఆర్ఎంపీ చెప్పాడని ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండు మాత్రలూ ఆపేసి మళ్ళీ మొదలుపెట్టడం మర్చిపోయినవాళ్ళూ ఉన్నారు.

మా బాబాయ్‌కి రెండోసారి స్టెంట్ పూడినప్పుడు ఫోన్ చేశారు. "ఒరేయ్ నాన్నా, మళ్ళీ మూసుకుపోయిందట రా, దాంట్లోనే ఇంకోటి వేస్తామంటున్నారు, వేయించుకోమంటావా?" నేను డాక్టర్ని కాదు బాబాయ్ అన్నాను, అయినా ఒక్క ప్రశ్న అడగమన్నాను. ఎందుకు పూడిందో లోపలి నుంచి చూశారా అని. చూడలేదు. యాంజియోగ్రాంలో కనిపించేది రక్తనాళం లోపలి ఖాళీ నీడ మాత్రమే, గోడ కాదు, స్టెంట్ సరిగ్గా విచ్చుకుందో లేదో అందులో అన్నిసార్లూ తెలియదు. లోపలికి అల్ట్రాసౌండ్ తీగ పంపే ఐవస్, కాంతితో చూసే ఓసీటీ ఉన్నాయి. ఖర్చు ఎక్కువే. వేరే ఊళ్ళో ఆ సౌకర్యం ఉన్నచోట చూస్తే, మొదటి స్టెంటే కింద పేరుకున్న కాల్షియం వల్ల పూర్తిగా విచ్చుకోలేదని తేలింది. అలాంటి చోట ఇంకో స్టెంట్ వేసినా, రేడియేషన్ ఇచ్చినా లాభం లేదు, ఇరుకు ఇరుకుగానే ఉంటుంది. గట్టి బెలూన్‌తో దాన్ని విప్పి, మందు పూసిన బెలూన్ కొట్టి వదిలేశారు. మూడో పొర లోహం పడలేదు.

మందు బెలూన్ మన దేశంలోనూ యూరప్‌లోనూ ఏళ్ళ నుంచి ఉంది. అమెరికాలో గుండె రక్తనాళాలకు మొదటి అనుమతి 2024లో వచ్చింది. దానికి ఆధారమైన ఏజెంట్ పరీక్షలో 600 మందిని చూశారు, ఏడాదిలో మళ్ళీ ఇబ్బంది పడినవాళ్ళు మామూలు బెలూన్‌తో 28.6 శాతం, మందు బెలూన్‌తో 17.9 శాతం. అంటే మందు బెలూన్ కొట్టినా ఆరుగురిలో ఒకరికి ఏడాదిలోపే తిరగబెడుతోంది. వాళ్ళలో ఇప్పటికే రెండు మూడు పొరల స్టెంట్ ఉండి, బైపాస్‌కు ఒళ్ళు సహకరించనివాళ్ళు ఉంటారు. ఇక్కడ మా దగ్గరికి గింజల కోసం వచ్చేది వాళ్ళే. 2021 అమెరికా మార్గదర్శకాలు కూడా పదేపదే పూడేవాళ్ళకు దీన్ని పరిశీలించవచ్చని, గట్టి సిఫారసు కాకుండా, ఒక మార్గంగా ఉంచాయి. కొందరికి ఏడాది రెండేళ్ళు హాయిగా గడుస్తుంది, తర్వాత మళ్ళీ మెల్లగా పూడటం కూడా చూస్తాం. ఆ సంగతి ముందే చెబుతాం. ఆసుపత్రి గుమ్మం ఎక్కకుండా రెండేళ్ళు మనవళ్ళతో ఉండటం విలువైనదా కాదా అన్నది ఆ మనిషి తేల్చుకోవాల్సిన విషయం, అంకెల్ని బట్టి నేను తేల్చేది కాదు.

అందుకే ఈ విద్య పూర్తిగా అంతరించిపోకూడదని నా పట్టు. మన దేశంలో కూడా కార్డియాలజీ, రేడియేషన్ రెండూ ఒకే ఆవరణలో బలంగా ఉన్న ఒకటి రెండు పెద్ద ప్రభుత్వ సంస్థల్లో, రేడియేషన్ భద్రత చూసే ఏఈఆర్‌బీ నిబంధనల కింద, ఇలాంటి చిట్టచివరి కేసుల కోసం దీన్ని నిలబెట్టుకోవాలి. కేసులు తక్కువ కాబట్టి లాభం రాదు, ప్రైవేటు ఆసుపత్రులు ముట్టుకోవు, అందుకే ప్రభుత్వం అంటున్నాను.

అంతదాకా, ఇంట్లో స్టెంట్ ఉన్నవాళ్ళు చేయగలిగినవి ఉన్నాయి. ఏ మాత్ర ఎంతకాలమో డిశ్చార్జి రోజునే రాయించుకోండి, పంటి డాక్టరైనా కంటి డాక్టరైనా ఆపమంటే స్టెంట్ వేసిన డాక్టర్‌కు ఒక ఫోన్ చేయకుండా ఆపొద్దు. రెండోసారి పూడిందంటే కారణం లోపలి నుంచి చూశారా అని అడగండి. డిశ్చార్జి సమ్మరీలో స్టెంట్ కంపెనీ, పొడవు, వెడల్పు, తేదీ ఉన్నాయో లేదో చూసుకోండి, చాలాసార్లు స్టికరే అతికించి ఇస్తారు, ఎండకు అది వెలిసిపోతుంది, ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. యాంజియోగ్రాం సీడీ ఇస్తారు కదా, దాన్ని పాత బిల్లులతో కలిపి అటక మీద పడేయకండి, ఇప్పుడు ఇళ్ళల్లో కంప్యూటర్లకు సీడీ డ్రైవ్ ఉండటం లేదు కాబట్టి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇమ్మని అక్కడే అడగండి. రేపు ఇంకో ఊళ్ళో ఇంకో డాక్టర్ మొట్టమొదట అడిగేది అదే.